ఎర్రటి ఇనుములో రెండు శిఖరాలు

ఆ రోజు పూర్తి కావలసిన పనులు తెల్లబోర్డు మీద తోగాషి సాన్ చేతిరాతలో ఇలా ఉన్నాయి:

ద్రవ నైట్రోజన్ నింపాలి.
స్ఫటికం ముఖం మీద గంధకం చేరిందేమో చూడాలి.
సభలో ముందు రెండు వరుసల కుర్చీలకు పేర్లు అతికించాలి. పాత శిష్యులు వయసు వరసలో. వరస తప్పితే కొంప మునుగుతుంది.
పూలగుత్తి. తెల్లపూలు వద్దు, ఆయనింకా బతికే ఉన్నారు.
సెన్సే భార్యగారికి టాక్సీ.
జుందా మోచి మిఠాయిలు, వచ్చినవాళ్ళందరికీ సరిపోయేలా.
సెన్సే బొమ్మలు ప్రొజెక్టరు మీద సరిగా పడుతున్నాయో లేదో చూడాలి.

బోర్డు మీదకు ఎక్కని పని ఇంకొకటి ఉంది. అది నాది. సెన్సేకి చెప్పాలి.

ఏం చెప్పాలో కిందటి వారం చదివినవాళ్ళకు తెలుసు. చదవనివాళ్ళ కోసం రెండు మాటలు. నా పేరు ఒయికావా మిచి. ఇనుప కెటిళ్ళు పోతపోసే ఇంట్లో పుట్టాను. మా వంశంలో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటిదాన్ని. సెందాయ్‌లో నుమకురా గారి దగ్గర పరిశోధన చేస్తున్నాను. గురువుగారు కాబట్టి మేమంతా ఆయన్ని సెన్సే అంటాం, మిగతా పెద్దలకు పేరు పక్కన సాన్, అంటే గారు, చేరుస్తాం. ఇనుమును ఎర్రగా కాల్చి, దాని మీద వెలుగు వేసి, ఆ దెబ్బకు బయటికి దూకే ఎలక్ట్రాన్లను లెక్కపెట్టడం నా పని. అలా లెక్కపెడుతుంటే, ఒకే శిఖరం రావలసిన చోట తెర మీద రెండు శిఖరాలు లేచి నిలబడ్డాయి. అక్కడ ఆగాం. ఆ వేడిలో ఒక్క శిఖరమే ఉంటుందని లోకానికి చెప్పిన మనిషి మా సెన్సే. మరునాడు ఆయన చివరి పాఠం. పదవీ విరమణకు ముందు పాతా కొత్తా శిష్యులందరినీ కూర్చోబెట్టి, తన జీవితంలో ఏం చూశారో చెప్పే పాఠం. దాని గుండెకాయ పన్నెండో బొమ్మ. వేడి పెరిగేకొద్దీ రెండు శిఖరాలూ దగ్గరై ఒక్కటైపోయే బొమ్మ.

ఉదయం నాన్న ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నావే?"

"ఇనుము కాలుస్తున్నా నాన్నా."

"ఇంకా కాల్లేదా అది? నేనిక్కడ పొద్దున్నుంచి ఒక వాయి కెటిళ్ళు దించేశాను."

"ఇది వేరే రకంగా కాల్చాలి నాన్నా."

"ఎర్రబడ్డ ఇనుము అయస్కాంతానికి అంటుకోదని మన కొలిమి దగ్గర పడుకునే పిల్లికి కూడా తెలుసు. దానికి ఇన్నేళ్ళు చదవాలా?"

"ఎందుకు అంటుకోదో చూస్తున్నాం."

"చూసి?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. "తిని పని చెయ్యి," అని పెట్టేశాడు.

ఎర్రబడ్డ ఇనుము ఎందుకు అంటుకోదన్నదే అసలు ప్రశ్న. ఇనుములో ఎలక్ట్రాన్లు రెండు జాతులు. ఒకటి పైకి చూసేది, ఒకటి కిందికి చూసేది అనుకోండి. ఇనుము అయస్కాంతంగా ఉన్నంతకాలం ఈ రెండూ ఒకే మెట్టు మీద కూర్చోవు. ఒక జాతిది కింది మెట్టు, ఇంకో జాతిది పై మెట్టు. తెర మీద రెండు శిఖరాలు కనిపించేది అందుకే. ఆ మెట్ల మధ్య ఎడంలోనే అయస్కాంతం ప్రాణం ఉంది. ఏడువందల డెబ్బై డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంతం కాకుండా పోతుంది. మరి ఆ ఎడం ఏమైనట్టు?

మూసుకుపోయింది, అన్నారు సెన్సే. ఆయన లెక్కన, వీధిలో ఊరేగింపు ఆగిపోయిందంటే జనమంతా ఇళ్ళకు పోయి పడుకున్నారని అర్థం. కాదు, అనేవాళ్ళు మొదటినుంచీ కొందరున్నారు. జనం ఎక్కడికీ పోలేదు. అందరూ మేలుకునే ఉన్నారు, అదే వీధిలో ఉన్నారు. కాకపోతే ఎవరి మొహం వాళ్ళకు తోచిన వైపు తిరిగింది. దూరంనుంచి చూసేవాడికి ఊరేగింపు లేదు. దగ్గరికి పోయి చూస్తే ప్రతి మనిషీ నిటారుగానే నిలబడి ఉన్నాడు.

ఈ రెండిట్లో ఏది నిజమో, చిటికెన వేలి గోరంత ఇనుప స్ఫటికం ముక్కను అడగాలి. నేను అడిగాను. అది రెండోది చెప్పింది.

"చెప్తే నీ పట్టాకు ముద్ర వెయ్యాల్సింది ఆయనే," అన్నాడు తోగాషి సాన్, కుర్చీలకు అతికించే పేర్ల చీటీలు కత్తిరిస్తూ. ఆయన మా సహాయ ఆచార్యుడు, నాకంటే ముందు సెన్సే దగ్గర చేరినవాడు. "చెప్పకపోతే రేపు పన్నెండో బొమ్మ పడ్డప్పుడు అందరితో పాటు నువ్వూ తలూపుతూ కూర్చోవాలి. ఏది చవగ్గా పడుతుందో చూసుకో."

"మీరైతే ఏం చేస్తారు?"

"నేనైతే ఆ రెండో శిఖరాన్ని ఎల్లుండి చూసేవాణ్ణి."

"వచ్చేసింది కదా."

"అదే నీతో చిక్కు. కొలిమి ఇంటి పిల్లవి, కనిపించిందల్లా బయటికి లాగుతావు."

నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. నన్ను ఈ గదిలోకి తీసుకున్నది సెన్సే. ప్రవేశ పరీక్ష రోజున మిగతా ఆచార్యులు పుస్తకాల్లోవి అడిగితే, ఆయన మాత్రం, మీ ఇంట్లో ఇనుము సరిగ్గా కాగిందని ఎలా తెలుస్తుంది, అని అడిగారు. రంగు చూసి, అన్నాను. ఆయన మిగతావాళ్ళ వైపు తిరిగి, ఈ అమ్మాయి నాకు కావాలి, అన్నారు. అటువంటి మనిషితో, మీరు జీవితమంతా చెప్పింది సరిగా లేదని ఆయన చివరి పాఠానికి ముందు రోజు ఎలా చెప్పను? నా లెక్క తప్పైతే ఆయన్ని ఊరికే బాధపెట్టినదాన్నవుతాను. ఒప్పైతే మరీ ఎక్కువ.

భోజనాలయ్యాక సెన్సే తనంతట తనే వచ్చారు. గుమ్మంలో చెప్పులు మార్చుకుని, కోటు మీద మంచు దులుపుకుని, ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే యంత్రం నడుము మీద చెయ్యి వేశారు. దాన్ని మేం ముసలమ్మ అంటాం. నా వయసుకంటే దాని వయసు ఎక్కువ.

"ముసలమ్మను చూసిపోదామని వచ్చాను. బొమ్మలు ఎక్కించావా?"

"ఎక్కించాను సెన్సే."

"పన్నెండోదాని రంగు సరిగా ఉందా? ఆ దిక్కుమాలిన ప్రొజెక్టరు నీలాన్ని నలుపు చేస్తుంది."

"పన్నెండో బొమ్మ గురించే మీతో ఒక మాట చెప్పాలి."

తోగాషి సాన్ లేచాడు. "నైట్రోజన్ నింపి వస్తాను."

"పొద్దున్నే నింపావుగా. బోర్డు మీద కొట్టేసి ఉంది," అన్నారు సెన్సే. "కూర్చో."

నేను కాగితం అందించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, కాగితాన్ని ముక్కు దగ్గరగా పట్టుకుని చూశారు. స్టవ్ మీద కెటిల్ సన్నగా ఈల వేస్తోంది.

"గంధకం," అన్నారు చివరికి. "ఇనుమును కాలిస్తే లోపలి గంధకం పైకి తేలుతుంది. నువ్వు చూసింది మురికిని."

"ఈ ఉదయం కూడా చూశాను సెన్సే. ముఖం శుభ్రంగా ఉంది."

"థర్మోకపుల్ తీగ ఎక్కడ అతికించావు?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. "హోల్డరుకు."

"హోల్డరుకు. అంటే హోల్డరు ఎంత కాగిందో నీకు తెలుసు. స్ఫటికం ఎంత కాగిందో తెలీదు. అది ఇంకా ఏడువందల డెబ్బైకి కిందే ఉండి ఉంటే, రెండు శిఖరాలు కాక మూడొస్తాయా? దాని అయస్కాంతం ఇంకా చావలేదు. నువ్వు బతికున్నదాన్ని చూసి చచ్చినది లేచిందంటున్నావు."

మా పనిలో అందరం చేసే తప్పు ఇదే. వేడి కొలిచే తీగను స్ఫటికానికే అతికిస్తే దాని ముఖం పాడవుతుంది. అందుకని పక్కన పట్టుకునే లోహపు పట్టుకు అతికించి, తెర మీద అంకెలోంచి కొంత తీసేసి రాసుకుంటాం. ఆ కొంత ఎంతో ఎవరూ సరిగా అడగరు.

"నలభై తగ్గించి రాశాను," అన్నాను.

"ఆ నలభై ఎవరు చెప్పారు?"

"మీరే సెన్సే. నేను చేరిన కొత్తలో."

తోగాషి సాన్‌కు దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

సెన్సే నవ్వలేదు, కోప్పడలేదు. స్టూలు లాక్కుని ముసలమ్మ ముందు కూర్చున్నారు. "నా నలభైనీ నమ్మొద్దు, నీ తీగనీ నమ్మొద్దు. స్ఫటికాన్నే అడుగుదాం. చెవులు ఎక్కడున్నాయి?"

చెవులంటే రెండు చిన్న స్పీకర్లు. ఇనుములోంచి దూకిన ఎలక్ట్రాన్లు బంగారు రేకు మీద పడి చెదురుతాయి. పైచూపు జాతి ఎక్కువగా ఉంటే ఎడమకు ఎక్కువ, కిందచూపు జాతి ఎక్కువైతే కుడికి ఎక్కువ. ఒక్కో ఎలక్ట్రానుకు ఒక్కో చిటపట. ఇప్పుడు కంప్యూటరే లెక్కపెడుతుంది గాని, సెన్సే కుర్రతనంలో ఒక్కో వైపుకు ఒక స్పీకరు కట్టి చెవులతో వినేవారట. తోగాషి సాన్ బీరువా అడుగునుంచి వాటిని తీసి, దుమ్ము ఊది, తీగలు తగిలించాడు.

కిందినుంచి మొదలుపెట్టాం. స్ఫటికానికి ముందు ఒక అయస్కాంతపు తోపు ఇవ్వడం, దాని చూపంతా ఒక వైపు తిప్పడం. తర్వాత కాసేపు కాల్చడం, పొయ్యి ఆపడం, ఆపినప్పుడే లెక్కపెట్టడం. పొయ్యి తీగలో కరెంటుంటే దాని సొంత అయస్కాంతం ఎలక్ట్రాన్ల దారి మళ్ళిస్తుంది కాబట్టి, కాలేటప్పుడు వినకూడదు, వినేటప్పుడు కాల్చకూడదు.

మొదట్లో ఎడమ స్పీకరు వేడి పెనం మీద నువ్వులు పోసినట్టు చిటపటలాడింది. కుడిది బద్ధకంగా, మధ్యమధ్య ఆగుతూ. తేడా చిన్నపిల్లలు కూడా చెప్పగలిగినంత ఉంది.

"బతికే ఉంది," అన్నారు సెన్సే.

వేడి పెంచాను. గాజు కిటికీలోంచి చూస్తే గోరంత ముక్క ముదురు ఎరుపులోకి తిరుగుతోంది. ఆరువందలు. ఏడువందలు. ఎడమవైపు జోరు తగ్గింది, కుడివైపు హుషారు పెరిగింది. సెన్సే కళ్ళు మూసుకున్నారు. తెర మీద అంకెలను చూడటం మానేశారు. నేను పెంచుతున్నాను, ఆపుతున్నాను, ఆయన వింటున్నారు. ఎనిమిదివందలకు వచ్చేసరికి రెండు చప్పుళ్ళ మధ్య తేడా నాకు వినిపించీ వినిపించనట్టుంది. ఇంకొంచెం పెంచాను.

ఒకచోట ఆయన చెయ్యి ఎత్తారు.

రెండు స్పీకర్లూ ఒక్కలాగే మోగుతున్నాయి. ఎడమ ఏదో కుడి ఏదో చెప్పలేం.

"తోపు ఇచ్చి చూడు," అన్నారు. "బద్ధకించిందేమో."

తోపు ఇచ్చాం. రెండూ సమానం. వ్యతిరేక దిశలో ఇచ్చాం. అయినా సమానమే. కాస్త చల్లార్చి అదే తోపు ఇస్తే ఎడమ వెంటనే గొంతెత్తింది. మళ్ళీ కాలిస్తే మళ్ళీ సమానం. ఇక అనుమానం లేదు. అయస్కాంతం చచ్చిపోయే గీత ఎక్కడుందో ఇనుము తన నోటితో తనే చెప్పింది.

"అంకె ఎంత చూపిస్తోంది?"

"ఎనిమిదివందల పన్నెండు."

"అంటే నలభై రెండు తియ్యాలి." సెన్సే ఒక కన్ను తెరిచారు. "నేను ఊరికే అన్న నలభై అంత తప్పేం కాదు."

"ఊరికే అన్నానని మాకు అప్పుడు చెప్పలేదు సెన్సే," అన్నాడు తోగాషి సాన్.

"అడగలేదుగా మీరు." ఆయన నా వైపు తిరిగారు. మొహంలో వేళాకోళం పోయింది. "నీ రెండు శిఖరాలు ఏ అంకె దగ్గర చూశావు?"

"ఎనిమిదివందల అరవై."

గీతకు ఎంతో పైన. ఆయనకు లెక్క అర్థమైంది. నాకూ. ఈ పాటికి ఆయన లేచి, మంచు పెరుగుతోంది, నేను వెళ్తాను, అనవచ్చు. అంటే ఎవరూ తప్పుపట్టరు. ఆ మాట అనాలని కూడా నాలో ఒక మూల కోరుకున్నాను.

"అక్కడికి తీసుకెళ్ళు," అన్నారు.

తీసుకెళ్ళాను. స్ఫటికం చెర్రీ పండు రంగులో వెలుగుతోంది. గది దీపాలు తోగాషి సాన్ ఎందుకు తగ్గించాడో తెలియదు, అవసరం లేదు, అయినా తగ్గించాడు. కిటికీ బయట మంచు వెలుతురు, లోపల ఆ ఎర్ర చుక్క. లెక్క మొదలైంది. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడటం మొదలుపెట్టాయి, ముందు అడ్డదిడ్డంగా, తర్వాత ఒక ఒద్దికలోకి. ఎడమ స్పీకరు, కుడి స్పీకరు సరిసమానంగా కురుస్తున్నాయి. అయస్కాంతం లేదు. లేదని రెండు చెవులా వింటున్నాం.

ఆ చప్పుడు మధ్యలో మొదటి శిఖరం లేచింది. దాని పక్కన లోయ. లోయ అవతల రెండోది.

ఇంతకుముందు చూసినదే. అయినా ఆ మధ్యాహ్నం అది వేరు. అప్పుడు నేను ఒక అంకెను చూశాను, ఇప్పుడు ఒక వస్తువును చూస్తున్నాను. తక్కువ వేడిలో ఒక శిఖరం పైచూపుది, ఇంకోటి కిందచూపుది. ఇప్పుడు ఏ శిఖరం మీద ఆగి విన్నా ఎడమ కుడి సమానమే. అంటే ప్రతి శిఖరంలోనూ అన్ని వైపులా చూసేవాళ్ళు కలిసిపోయారు. కాని మెట్లు చెదరలేదు. ఊరేగింపు ముగిసింది, వీధి నిండా జనం, ఒక్కరు కూడా పడుకోలేదు. మా నాన్న రోజూ గరిటెతో తోసేసే ఎర్రటి ఇనుములో, అయస్కాంతం ముట్టని ఆ ముద్దలో, లెక్కకు అందనన్ని చిన్న చిన్న పట్టుదలలు ఇలాగే నిలబడి ఉన్నాయి. ఎన్ని తరాలుగా కాలుస్తున్నాం దాన్ని. ఎవరికీ తెలియకుండా ఎంత నిండుగా ఉందది.

"పోలేదు," అన్నారు సెన్సే. "అయస్కాంతం పోయింది. దాన్ని చేసేది పోలేదు."

తర్వాత స్టూలు మీద ముందుకు వంగారు. తన బొమ్మ సంగతి, రేపటి సంగతి ఎత్తలేదు. "స్ఫటికాన్ని ఎంత వాల్చావు?" అని అడిగారు.

చెప్పాను. పోయిన వేసవిలో తోగాషి సాన్ ముసలమ్మకు కొత్త మెడ, అంటే స్ఫటికాన్ని పట్టుకుని తిప్పే భాగం, అమర్చాడు. పాత మెడ తీగలు బిర్రుగా ఉండేవి. చల్లగా ఉన్నప్పుడు ఎటైనా తిరిగేది గాని, కాలిందంటే బిగుసుకుపోయేది. అందుకని ఎర్రటి ఇనుమును ఆ గదిలో ఎప్పుడూ ఎదురుగానే చూశారు. పక్కకు తిప్పి చూసినవాళ్ళు నాకంటే ముందు లేరు.

"ఇంకోవైపు తిప్పు," అన్నారు. "నా వైపుకు. నిటారుగా."

తిప్పాను. అదే వేడి, అదే ముక్క, అదే ముఖం. చూపు మాత్రం ఎదురుగా. చుక్కలు మళ్ళీ పడటం మొదలుపెట్టాయి. ఈసారి లోయ రాలేదు. నెమ్మదిగా, ఇంకే అనుమానం లేకుండా, ఒకే ఒక్క శిఖరం లేచింది. పన్నెండో బొమ్మ, ఆయన కుర్రతనంలో గీసినట్టే.

"మీరు చెప్పింది తప్పు కాదు సెన్సే," అన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఎందుకో చెప్పలేను. "ఆ దిక్కు నుంచి చూస్తే మూసుకుపోతుంది. ఈ దిక్కు నుంచి చూస్తే ఉంటుంది. ఒకే ఇనుములో రెండూ ఉన్నాయి."

ఆయన తెరనూ గాజు కిటికీలోని ఎర్ర చుక్కనూ మార్చి మార్చి చూశారు. నేను ఆయన్ని చాలా సభల్లో చూశాను. అలా నోరు కొంచెం తెరిచి, మొదటిసారి సముద్రం చూసిన పిల్లవాడిలా, ఎప్పుడూ చూడలేదు.

"ఇల్లు ఇంత పెద్దదా," అన్నారు నెమ్మదిగా. "నేను ఒక్క కిటికీ దగ్గరే కూర్చున్నాను."

తోగాషి సాన్ స్పీకర్లు ఆపాడు. గది ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. సెన్సే లేచి, కోటు వేసుకుని, చెయ్యి చాపారు.

"ఈ రెండు బొమ్మలూ నాకివ్వు."

ఇచ్చాను.

"ఎవరికైనా చూపించావా?"

"తోగాషి సాన్‌కే."

"ఇంకెవరికీ చూపించొద్దు." కాగితాలు నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నారు. గుమ్మంలో చెప్పులు మార్చుకుంటూ, వంగే ఉండి, నా వైపు చూడకుండా అన్నారు: "ఒయికావా, రేపు నువ్వు సభకు రావద్దు."

సరిగా విన్నానా అనుకున్నాను. మాలో గురువు చివరి పాఠానికి శిష్యులు రాకపోవడమన్నది ఉండదు. జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా మాస్కు కట్టుకుని వచ్చి కూర్చుంటారు. ఖాళీ కుర్చీ ఉంటే, ఆ పేరు ఎవరిదని సభంతా మెడలు చాచి చూస్తుంది.

"ఎందుకని సెన్సే?"

"రావద్దన్నాను," అన్నారు. కటువుగా అనలేదు. తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళిపోయారు.

తోగాషి సాన్ కత్తిరించిన చీటీల కట్టలోంచి నా పేరున్నదాన్ని బయటికి లాగి, వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు. ఆయన దగ్గర కూడా జోకు లేదు.

మరునాడు ఆ వేదిక మీద సెన్సే అన్న మాటలు విన్నాక మీలో చాలామందికి ఆయన మీద కోపం వస్తుంది. నాకూ వచ్చింది. అది ఎన్నాళ్ళకు తగ్గిందో, తగ్గిందో లేదో, ఇప్పుడు చెప్పను. దానికి ముందుగా మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. రెండు చెవులా ఇనుము చావును విని, చావని దాన్ని కళ్ళారా చూసి, తన జీవితం గీసిన బొమ్మ ఏమవుతుందో అడగకుండా, 'ఇంకోవైపు తిప్పు' అన్న నుమకురా సెన్సేను దయచేసి గుర్తుపెట్టుకోండి.